కొల్లేటి ఒడ్డున దుంగల వంతెన బాగుచేసే ముందు

ఇంటి ముందు కాలువ మీది తాటి దుంగల వంతెన పని ఎండాకాలంలోనే పెట్టుకోండి, బుడమేరు, తమ్మిలేరు పొంగాక దిగొద్దు.

- స్థలం 5వ కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున సరస్సు చుట్టూ గీసిన హద్దు) లోపలుంటే అది అభయారణ్యం, అటవీ శాఖను అడగకుండా కొత్తది కట్టకండి.
- ప్రతి గుంజనీ నీటిమట్టం దగ్గర గడ్డపారతో పొడిచి చూడండి. పైకి గట్టిగానే కనిపిస్తుంది గానీ, ఆరుతూ మళ్లీ తడిసే ఆ జానెడు మేరే ముందు పుచ్చిపోతుంది, పార మెత్తగా దిగి నల్లటి పొట్టు రాలిందంటే ఇక దాని మీద కాలు పెట్టొద్దు.
- పక్క చెరువు మోటారుకి కరెంటు ఆపించి, ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాకే నీళ్లలోకి దిగండి. ఇక్కడ మొహమాటం అసలు వద్దు.
- ఒడ్డున ఒక మనిషి, తాడు ఉండాలి.
- మేకులకన్నా జింకు పూత బోల్టులు మేలు.
- పాత దుంగలు కాలువలో వదలకండి, గుర్రపుడెక్క తట్టుకుని నీరు ఆగిపోతుంది.