విత్తన శుద్ధి నేర్చుకుందాం – 4వ పాఠం: ఏ-లైన్ మీద పడే పరాయి పుప్పొడి

గత పాఠంలో హైబ్రిడ్ విత్తనం తయారీకి వాడే ఏ, బి, ఆర్ అనే మూడు లైన్ల (మొక్కల వంశాల) గురించి చదివారు. ఏ-లైన్ మొక్క మైటోకాండ్రియాలోని (కణంలో శక్తిని తయారుచేసే భాగంలోని) ఒక జన్యువు దాని పుప్పొడిని చెడగొడుతుంది, దీన్నే మగ వంధ్యత్వం అంటారు. బి-లైన్ దాని తోబుట్టువు లాంటిది. మైటోకాండ్రియా ఒక్కటే తేడా, అందుకే దాని పుప్పొడితో ఏ-లైన్‌ను ఏ-లైన్‌గానే నిలబెట్టుకోగలుగుతున్నాం. ఆర్-లైన్‌లో ఉండే పునరుద్ధరణ జన్యువు హైబ్రిడ్ మొక్కకు మళ్లీ మంచి పుప్పొడి ఇస్తుంది. మైటోకాండ్రియా బిడ్డకు తల్లి నుంచే వస్తుంది, పుప్పొడి ద్వారా రాదు. ఈ మాటతో ఈరోజు చాలా పని ఉంది.

మామూలు వరి పువ్వు సంగతి చూడండి. దాని కీలాగ్రం (పుప్పొడిని అందుకునే భాగం) మీద సొంత పుప్పొడే ముందు పడుతుంది, అదే ఎక్కువగా పడుతుంది. గాలికి వచ్చిన పరాయి రేణువుకు అక్కడ చోటు దొరకడం కష్టం. అందుకే వరిలో పరపరాగసంపర్కం సాధారణంగా 1 శాతం కూడా ఉండదు. ఏ-లైన్‌లో సొంత పుప్పొడి అనే ఆ కాపలా లేదు. పైగా దాని పువ్వు ఎక్కువసేపు విచ్చుకుని ఉంటుంది, కీలాగ్రం కూడా కొన్ని రోజుల పాటు పుప్పొడిని అందుకోగలదు. బి-లైన్ రేణువు వచ్చినా, దూరంగా ఉన్న మరో రకం రేణువు వచ్చినా దానికి ఒకటే. వంధ్యత్వం ఉందంటే విత్తనం శుద్ధంగా వస్తుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. సొంత పుప్పొడి బెడద తప్పుతుంది నిజమే, పరాయి పుప్పొడి బెడద మాత్రం పెరుగుతుంది.

పుప్పొడి ఎంత దూరం పోతుందో కొలవడానికి పరిశోధకులు మగ వంధ్య మొక్కలనే ఎరగా నాటడం ఇందుకే. కాని ఎర మొక్కలో వచ్చిన అంకెను మామూలు పైరుకు అన్వయించకండి. పోటీ లేదు కాబట్టి అక్కడ జన్యు ప్రవాహం (పుప్పొడితో జన్యువులు ఒక పైరు నుంచి మరో పైరుకు చేరడం) ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. మీ ఏ-లైన్ పొలానికి మాత్రం ఆ అంకే అసలైన హెచ్చరిక.

ఈ పరాయి పుప్పొడి బెడద ఎంత దూరం పోగలదో షుగర్ బీట్ చూపించింది. ఈ పంటలో ఎఫ్. వి. ఓవెన్ అనే శాస్త్రవేత్త మగ వంధ్యత్వాన్ని 1945లో వివరించాడు. ఆ వంధ్యత్వాన్ని కలిగించే కణద్రవ్యాన్ని (మైటోకాండ్రియా ఉండే, కేంద్రకం బయటి కణభాగాన్ని) ఆయన పేరుతోనే పిలుస్తారు. నైరుతి ఫ్రాన్స్‌లో హైబ్రిడ్ విత్తనం పండించే చోట్ల చుట్టుపక్కల అడవి బీట్ మొక్కలు ఉండేవి. వాటి పుప్పొడి వంధ్య ఆడ వరుసల మీద పడింది. అడవి బీట్‌లో మొదటి ఏడాదే పూతకు తెచ్చే బహిర్గత జన్యువు (ఒక్క ప్రతి ఉన్నా లక్షణం బయటపడే జన్యువు) ఒకటి ఉంది. బీట్‌ను దుంప కోసం వేస్తారు, మామూలుగా రెండో ఏడాది గాని పూయదు. కల్తీ అయిన విత్తనం ఉత్తర ఫ్రాన్స్ వైపు పొలాలకు చేరి మొదటి ఏడాదే పూసింది, గింజ రాల్చింది. ఆ గింజలు నేలలో ఏళ్ల తరబడి బతికి కలుపు మొక్కలయ్యాయి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. పంట పుప్పొడే వెళ్లి అడవి మొక్క మీద పడిందా, లేక అడవి పుప్పొడి పంట మీద పడిందా? కలుపు బీట్లను పరీక్షిస్తే వాటిలో ఓవెన్ కణద్రవ్యం కనిపించింది. మైటోకాండ్రియా తల్లిదే కాబట్టి తల్లి మన వంధ్య వరుసే. నాకు ఈ శాస్త్రంలో ఇంతకంటే అందమైన రుజువు కనిపించలేదు.

ఇక చేతిపని. వరి ఏ-లైన్ వరుసలో పూత మొదలయ్యే రోజుల్లో ఉదయం పువ్వులు విచ్చుకోకముందే వెళ్లండి. ఆ రోజు విచ్చుకోబోయే పువ్వులు కొన్ని తీసుకుని, పరాగకోశాలను గాజు పలక మీద 1 శాతం అయోడిన్-పొటాషియం అయొడైడ్ ద్రావణంలో చిదిమి సూక్ష్మదర్శినిలో చూడండి. గుండ్రంగా, లోపలి పిండిపదార్థం వల్ల నల్లగా రంగు పట్టిన రేణువులు మంచివి. ముడుచుకుపోయి పసుపుగా మిగిలినవి వంధ్యమైనవి. ఒక జాగ్రత్త: కొన్ని రకాల వంధ్యత్వంలో రేణువు పిండిపదార్థం చేరాక చెడుతుంది, అప్పుడు వంధ్య రేణువు కూడా రంగు పడుతుంది. కాబట్టి రంగు పరీక్షతోనే తీర్పు చెప్పకండి. పూత రాకముందే కొన్ని వెన్నులకు కాగితం సంచి కట్టి ఉంచండి. లోపల ఒక్క గింజ కూడా కట్టకూడదు. పుప్పొడి రాల్చే కేళీ మొక్క (రకానికి చెందని మొక్క) ఎక్కడ కనిపించినా అప్పుడే వేళ్లతో సహా తీసేయండి. సాయంత్రానికి వాయిదా వేస్తే ఆ రోజు నష్టం జరిగిపోయినట్లే.

చుట్టూ వేర్పాటు దూరం (ఇతర రకాల పైర్లకు ఉంచే ఎడం) గురించి వివరంగా వచ్చే పాఠంలో. ప్రస్తుతానికి, వరి హైబ్రిడ్ విత్తనానికి సాధారణంగా 100 మీటర్లు పాటిస్తారని, ఏ-లైన్ పెంచే పొలానికి అంతకంటే ఎక్కువ కావాలని తెలిస్తే చాలు.

కోత అయ్యాక కొంత విత్తనం వేసి పెంచి చూడాలి. 400 మొక్కల్లో 6 బెరుకులు (రకానికి చెందని కల్తీ మొక్కలు) కనిపిస్తే 1.5 శాతం, లెక్క తేలికే. ఒక్కటీ కనిపించకపోతే? కల్తీ సున్నా అని రాయకూడదు. 3ని మొక్కల సంఖ్యతో భాగించండి. 300 మొక్కలు చూసి బెరుకు దొరకకపోతే, కల్తీ 1 శాతం మించదని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. 30 మొక్కలే చూస్తే అదే సున్నా వెనుక 10 శాతం దాకా దాగి ఉండొచ్చు.

ఇంటి పని రెండు ప్రశ్నలు. కాగితం మీద జన్యురూపాలు (ఏ మొక్కలో ఏ జన్యువులున్నాయో) రాసుకుని చేయండి.

ఏ-లైన్ విత్తనం వేస్తే ఒక మొక్కకు మంచి పుప్పొడి కనిపించింది. అది బి-లైన్ గింజ పొరపాటున కలిసి వచ్చిందా, పునరుద్ధరణ జన్యువున్న పరాయి పుప్పొడి వల్ల పుట్టిందా? దాని పుప్పొడిని మరో ఏ-లైన్ మొక్క మీద వేసి పిల్లల్ని చూస్తే తేలుతుంది. ఏ ఫలితం దేనికి గుర్తో రాయండి.

రెండోది కొంచెం కష్టం. పరాయి పుప్పొడిలో పునరుద్ధరణ జన్యువు లేకపోతే పుట్టిన బెరుకు మొక్క కూడా వంధ్యంగానే ఉంటుంది. పుప్పొడి చూసి దాన్ని పట్టుకోలేం. మరి ఏ లక్షణాలు చూసి పట్టుకుంటారు? మీ పంటకు సరిపోయేవి మూడు రాసి ఉంచండి, 5వ పాఠం వాటితోనే మొదలవుతుంది.