స్పిరిట్ ఆవిరి తగిలితే నీటి బొట్టు ఎందుకు జారదు? ఇంట్లోనే చూసుకోండి

కారు అద్దానికి వేయించిన వాటర్ రిపెల్లెంట్ కోటింగ్ మీద నీళ్లు గుండ్రంగా నిలవకుండా పరుచుకుంటున్నాయా? కోటింగ్ పోయిందని అప్పుడే డబ్బులు తగలేయకండి, అక్కడ స్పిరిట్ లాంటి ఆల్కహాల్ ఆవిరి ఉందేమో ముందు చూడండి. ఆవిరి చాలాసార్లు కోటింగ్‌ను కాదు, నీటినే మార్చేస్తుంది. 25 డిగ్రీల దగ్గర నీటి తలతన్యత (బొట్టును గుండ్రంగా పట్టి ఉంచే పైపొర బిగువు) మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు, ఇథనాల్ అనే ఆల్కహాల్‌ది 22 మాత్రమే. ఆవిరి బొట్టులో కరిగేకొద్దీ ఆ తలతన్యత పడిపోతుంది, బొట్టు చదునవుతుంది.

దీన్ని పచ్చి తామరాకు మీద చూడొచ్చు, దొరక్కపోతే చేమాకు తీసుకోండి. ఆకు పైభాగాన్ని వేలితో రుద్దొద్దు, సన్నటి మైనపు పొర నలిగిపోతుంది. రెండు ముక్కల మీద సూది లేని సిరంజితో చెరో చిన్న బొట్టు వేసి, ఒకదాని పక్కన సర్జికల్ స్పిరిట్‌లో తడిపిన దూదిని మూతలో పెట్టండి, రెండోదాని పక్కన మామూలు నీళ్లలో తడిపిన దూది. రెండింటి మీదా గాజు గిన్నెలు బోర్లించండి. స్పిరిట్ ఆకుకు తగలకూడదు. పొయ్యి, అగరుబత్తి, దీపం ఏవీ దగ్గర్లో ఉండకూడదు, ఈ ఆవిరి గాలికంటే బరువు, కిందకి పాకి ఇట్టే అంటుకుంటుంది, కాబట్టి పిల్లల్ని ఒంటరిగా చేయనివ్వకండి.

ఇప్పుడు కళ్లు ఆకు ఎత్తుకి దించి పక్కనుంచి చూస్తూ ఉండండి. మొదట బొట్టు అడుగున వెండిలా మెరుస్తుంది, అది ఆకు గరుకులో చిక్కుకున్న గాలి. స్పిరిట్ ఉన్న గిన్నెలో ఆ మెరుపు అంచుల నుంచి తగ్గుతూ వస్తుంది, ఎందుకంటే తగ్గిన తలతన్యతతో ద్రవం ఆ గాలి ఖాళీల్లోకి దిగుతోంది. ఒకసారి దిగాక ఆకును వంచినా బొట్టు అతుక్కునే ఉంటుంది. మామూలు నీళ్ల గిన్నెలోది దొర్లిపోతుంది.

అసలు పరీక్ష దీని తర్వాతే. స్పిరిట్ తగిలిన ముక్కను కిటికీ దగ్గర, తుడవకుండా పూర్తిగా ఆరనిచ్చి కొత్త బొట్టు వేయండి. దొర్లితే పొర బాగానే ఉంది, బొట్టు ఇంకా అతుక్కుంటే పొర దెబ్బతిన్నట్టో, ఏదైనా మరక మిగిలినట్టో.

కారుకూ ఇదే పద్ధతి: వాషర్ నీళ్లలో ఆల్కహాల్ కలిపి ఉంటే అద్దం ఆరాక మంచినీళ్లు చల్లి చూడండి. ఫోన్ స్క్రీన్ పూత సంగతికొస్తే భయపడాల్సింది ఆవిరికి కాదు, స్పిరిట్ గుడ్డతో గట్టిగా పదేపదే రుద్దడానికి.