నిరసన కేసును చదవడం ఎలా? 3వ పాఠం: శిక్ష పనికా, మాటకా?

రెండో పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి ముందు జవాబు చూద్దాం. 2016లో ఫుట్‌బాల్ ఆటగాడు కాలిన్ కేపర్నిక్ జాతీయ గీతం వినిపిస్తుండగా నిలబడకుండా ఒక మోకాలి మీద వంగి కూర్చున్నాడు. అందుకు అతని జట్టు యాజమాన్యం జరిమానా వేసి ఉంటే, వాక్ స్వాతంత్ర్యాన్ని కాపాడే అమెరికా రాజ్యాంగ మొదటి సవరణ అడ్డుపడేదా? అడ్డుపడదు. 1791లో ఆమోదం పొందిన ఆ సవరణ ప్రభుత్వం చేతులు మాత్రమే కట్టేసింది. దాని మొదటి మాటలే ‘కాంగ్రెస్ (అంటే అమెరికా పార్లమెంటు) ఏ చట్టమూ చేయరాదు’ అని. పద్నాలుగో సవరణ ఆధారంగా 20వ శతాబ్దంలో కోర్టులు దాన్ని రాష్ట్రాలకు, నగరాలకు, ప్రభుత్వ బడులకు కూడా వర్తింపజేశాయి. ప్రైవేటు జట్టు ఆ పరిధిలోకి రాదు. అదే పని ప్రభుత్వ హైస్కూలు జట్టులో ఆడే కుర్రాడు చేసి, హెడ్‌మాస్టరు అతన్ని తీసేస్తే లెక్క మొదటినుంచీ మారిపోతుంది. అందుకే ఏ కేసు చేతికొచ్చినా ముందు ‘శిక్షించింది ఎవరు?’ అని అడగమన్నాం.

శిక్షించింది ప్రభుత్వమే అని తేలితే తర్వాత ఏం చూడాలన్నది ఈ పాఠం. ప్రశ్నలు రెండే. చేసిన పనిలో మాట ఉందా? ఉంటే, శిక్ష ఆ పనికా, పనిలోని మాటకా? రెండో ప్రశ్నకు సరైన జవాబు పట్టుకుంటే సగం కేసు చదివేసినట్టే. ఎక్కువమంది తప్పటడుగు వేసేదీ అక్కడే.

పనిలో మాట ఉందా?

నోటితో ఏమీ అనకుండా చేసిన పని కూడా మాట కావచ్చు. దీనికి కొలబద్ద 1974 నాటి స్పెన్స్ కేసులో దొరుకుతుంది. 1970 మేలో, కంబోడియా మీద అమెరికా దాడి, కెంట్ స్టేట్ యూనివర్సిటీలో విద్యార్థుల మీద కాల్పులు జరిగిన రోజుల్లో, సియాటిల్‌లో ఒక కాలేజీ విద్యార్థి తన సొంత అమెరికా జెండా మీద నల్ల టేపుతో శాంతి గుర్తు అంటించి, కిటికీలోంచి తలకిందులుగా వేలాడదీశాడు. అమెరికా సుప్రీంకోర్టు రెండు సంగతులు చూసింది. అతనికి ఏదో ఒకటి చెప్పాలన్న ఉద్దేశం ఉందా? చూసినవాళ్లకు ఆ పరిస్థితుల్లో అది అర్థమయ్యే అవకాశం ఉందా? రెండూ ఉన్నాయి కనుక అది మాటే అంది. రెండో భాగాన్ని తేలిగ్గా వదిలేయకండి. అదే జెండా పదేళ్ల తర్వాత ఏ సందర్భమూ లేకుండా వేలాడి ఉంటే ఎవరికీ ఏమీ బోధపడకపోవచ్చు. కాబట్టి కేసు చదివేటప్పుడు తేదీ, చోటు, ఆ వారం వార్తల్లో ఏముంది అన్నవి మీ కాగితం మీద మొదటి వరుసలోనే రాసుకోండి.

చేయకుండా ఉండటమూ మాటే. మత విశ్వాసం వల్ల బడిలో జెండాకు వందనం చేయని యెహోవా సాక్షుల (ఒక క్రైస్తవ శాఖ) పిల్లల్ని శిక్షించవచ్చని 1940లో గోబైటిస్ కేసులో సుప్రీంకోర్టు 8–1తో అంది. మూడేళ్లకే, 1943 జూన్ 14న, బార్నెట్ కేసులో 6–3తో తన మాట తానే వెనక్కి తీసుకుంది. రాజకీయాల్లో, జాతీయతలో, మతంలో ఫలానాదే సరైన నమ్మకం అని నిర్దేశించే అధికారం ఏ అధికారికీ, పెద్దవాడికైనా చిన్నవాడికైనా, లేదని జస్టిస్ జాక్సన్ రాశారు. అమెరికాలో దేశభక్తి గురించి వచ్చే ప్రతి కేసూ ఎక్కడో ఒకచోట ఈ తీర్పును తలుచుకుంటుంది. మన సుప్రీంకోర్టు కూడా తలుచుకుంది. 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో, జనగణమన పాడకుండా గౌరవంగా నిలబడ్డ ముగ్గురు కేరళ పిల్లల్ని బడిలోంచి పంపేయడం తప్పని తీర్పు రాసింది తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. అందులో బార్నెట్ ప్రస్తావన ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే మంచి కసరత్తు.

మాట మార్చి చూడటం

ఇక అసలు పనిముట్టు. పనిని అలాగే ఉంచండి, అందులోని మాటను మాత్రం మార్చండి. శిక్ష అలాగే ఉంటే, చట్టం పనిని పట్టుకుంటోంది. శిక్ష ఎగిరిపోతే, చట్టం మాటను పట్టుకుంటోంది. మొదటి రకం అయితే కోర్టు కొంత ఉదారంగా చూస్తుంది. రెండో రకం అయితే ప్రభుత్వానికి గెలుపు చాలా కష్టం.

టెక్సాస్ వర్సెస్ జాన్సన్ మీద ప్రయోగిద్దాం. 1984 ఆగస్టు 22న డల్లాస్‌లో రిపబ్లికన్ పార్టీ జాతీయ మహాసభ జరుగుతోంది. రేగన్ ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఊరేగింపుగా వచ్చినవాళ్లలో గ్రెగరీ లీ జాన్సన్ నగర కార్యాలయం ముందు జెండా మీద కిరసనాయిలు పోసి తగలబెట్టాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కొందరి మనసు నొచ్చుకుంది. కింది కోర్టు ఏడాది జైలు, 2,000 డాలర్ల జరిమానా వేసింది.

ఇప్పుడు చట్టం పాఠాన్ని తెరవాలి. తీర్పు చదివే ముందు చట్టాన్ని చదవడం అలవాటు చేసుకోండి, అదీ క్రియాపదాల కింద గీతలు గీసుకుంటూ. టెక్సాస్ చట్టంలో ‘అపవిత్రం చేయడం’ అంటే పాడుచేయడం ఒక్కటే కాదు. చూసేవాళ్లలోనో, తర్వాత తెలుసుకునేవాళ్లలోనో ఒకరికైనా తీవ్రంగా నొప్పి కలుగుతుందని తెలిసి చేయడం. ఆ ఒక్క షరతే కేసుకు తాళంచెవి. మాట మార్చి చూడండి. చిరిగిపోయిన జెండాను మాజీ సైనికులు గౌరవంగా మంటలో వేస్తే? ఎవరికీ నొప్పి కలగదు, నేరమూ లేదు. పైగా అమెరికా జెండా నియమావళే, ప్రదర్శనకు పనికిరాని జెండాను గౌరవప్రదంగా, వీలైతే కాల్చి నాశనం చేయమంటుంది. మంట అదే, బట్ట అదే. మారింది మంటతో చెప్పిన మాట. అంటే టెక్సాస్ శిక్షించింది మాటను. 1989 జూన్ 21న సుప్రీంకోర్టు 5–4తో జాన్సన్ పక్షాన తీర్పిచ్చింది. శాంతిభద్రతల కోసమే ఈ చట్టం అన్న వాదన నిలవలేదు. అక్కడ ఏ అల్లరీ జరగలేదు, అల్లరి జరిగితే పట్టుకోవడానికి టెక్సాస్‌కు వేరే చట్టం ఉంది.

మెజారిటీ తీర్పు రాసింది జస్టిస్ బ్రెనన్. సంప్రదాయవాదులుగా పేరున్న స్కాలియా, కెనెడీ ఆయనతో కలిశారు. ఉదారవాదిగా పేరున్న స్టీవెన్స్ మాత్రం అసమ్మతి తీర్పు రాశారు. జడ్జి పేరు చూసి ఫలితం ఊహించే అలవాటు ఉంటే ఈ ఒక్క కేసుతో మానుకోవచ్చు.

కాంగ్రెస్ ఊరుకోలేదు. అదే ఏడాది కొత్త చట్టం తెచ్చి, నొప్పి కలగడం అన్న షరతు తీసేసింది. ఇక ఇది పనిని మాత్రమే పట్టుకునే చట్టమే కదా అనిపిస్తుంది. కానీ పాడైపోయిన జెండాను పారవేయడానికి మినహాయింపు అందులోనూ ఉంది. గౌరవంతో కాల్చితే సరే, కోపంతో కాల్చితే నేరం అన్న తేడా దొడ్డిదారిన మళ్లీ వచ్చేసింది. 1990 జూన్ 11న ఐక్‌మన్ కేసులో, మళ్లీ 5–4తోనే, అదీ కొట్టుడుపోయింది. చట్టంలో మినహాయింపుల్ని ఎందుకు వెతకాలో ఇది చెబుతుంది. శాసనకర్త అసలు ఉద్దేశం చాలాసార్లు నిషేధంలో కన్నా మినహాయింపులోనే బయటపడుతుంది. ఆ తర్వాత రాజ్యాంగాన్నే సవరించాలని చూశారు. 2006 జూన్‌లో సెనేట్‌లో 66 ఓట్లు వచ్చాయి, కావాల్సింది 67.

పరీక్ష రెండోవైపు తిరిగితే

1966 మార్చి 31న దక్షిణ బోస్టన్ కోర్టు మెట్ల మీద ఓబ్రయన్ అనే యువకుడు తన సైనిక నమోదు కార్డును (నిర్బంధ సైనిక సేవకు పేరు నమోదైనట్టు ఇచ్చే కార్డు) కాల్చాడు. వియత్నాం యుద్ధానికి నిరసనగా చేశాడని అందరికీ తెలుసు. మాట మార్చండి. ఎవరో బద్ధకస్తుడు ఇంట్లో తలుపేసుకుని, ఏ నిరసనా లేకుండా, తెలిసే కార్డు చింపేశాడనుకోండి. అదీ నేరమే. ఆ కార్డుతో ప్రభుత్వానికి పని ఉంది: నమోదైనట్టు రుజువు, స్థానిక సైనిక నమోదు బోర్డుతో సంప్రదింపు, చిరునామా మారితే తెలపాలన్న గుర్తు. అందుకని 1968లో కోర్టు 7–1తో శిక్షను నిలబెట్టింది.

ఆ కేసులో పెట్టిన షరతులు నేటికీ వాడుకలో ఉన్నాయి. ఆ రంగంలో చట్టం చేసే అధికారం ప్రభుత్వానికి ఉండాలి. చట్టం వెనక ముఖ్యమైన ప్రయోజనం ఉండాలి. ఆ ప్రయోజనానికి మాటను అణచడంతో సంబంధం ఉండకూడదు. మాట మీద పడే భారం అవసరానికి మించకూడదు. నాలుగింట్లో మూడోదే మన పరీక్ష. జాన్సన్ కేసులో టెక్సాస్ ఓడింది అక్కడే. నిజం చెప్పాలంటే ఓబ్రయన్ తీర్పుకు ఒక బలహీనత ఉంది. కార్డు పాడుచేయడాన్ని నేరం చేసిన 1965 నాటి చట్ట సవరణను, కార్డులు కాల్చేవాళ్లను అణచడానికే తెచ్చామని కొందరు కాంగ్రెస్ సభ్యులు బాహాటంగానే అన్నారు. శాసనకర్తల మనసులోకి తొంగిచూడం అని కోర్టు దాన్ని పక్కనపెట్టింది. అలా పక్కనపెట్టడం సరికాదని మా అభిప్రాయం. అయితే పరీక్ష ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి కేసు లేదు.

ఊరేగింపు: ఒకే నడక, రెండు తీర్పులు

అనుమతుల విషయంలో మీరు తప్పక పక్కపక్కన చదవాల్సిన జంట ఇది. 1963 ఏప్రిల్ 12, గుడ్ ఫ్రైడే. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో ముగ్గురు పాస్టర్లు – మార్టిన్ లూథర్ కింగ్, షటిల్స్‌వర్త్, అబర్నాతీ – ముందు నడవగా 52 మంది నల్లజాతివారు చర్చినుంచి బయల్దేరారు. ఇద్దరిద్దరుగా, కాలిబాట మీదే, నాలుగు వీధుల దూరం నడిచారు. నగర నిబంధన ప్రకారం పర్మిట్ కావాలి. ప్రజా సంక్షేమం, మర్యాద, నీతి, సౌకర్యం లాంటి కారణాలు చూపి పర్మిట్ నిరాకరించవచ్చు. అంటే అధికారికి నచ్చకపోతే చాలు.

పర్మిట్ లేకుండా నడిచినందుకు షటిల్స్‌వర్త్‌కు పడ్డ శిక్షను 1969లో సుప్రీంకోర్టు రద్దు చేసింది. స్పష్టమైన కొలమానాలు లేకుండా అధికారి ఇష్టానికి వదిలేసిన పర్మిట్ చట్టం చెల్లదు, చెల్లని చట్టాన్ని పక్కనపెట్టి నడిచి, తర్వాత కోర్టులో సవాలు చేసుకోవచ్చు అంది. కానీ నడకకు రెండు రోజుల ముందు నగరం కోర్టుకెళ్లి ఇంజంక్షన్ (ఊరేగింపు చేయరాదన్న కోర్టు ఆర్డరు) కూడా తెచ్చింది. దాన్ని ధిక్కరించినందుకు ఆ పాస్టర్లకు ఐదు రోజుల జైలు పడింది. ఈ శిక్షను మాత్రం 1967లో వాకర్ కేసులో 5–4తో నిలబెట్టారు. ఇంజంక్షన్‌లో ఉన్నది దాదాపు ఆ నిబంధన మాటలే. అయినా కోర్టు ఆర్డరు తప్పనిపిస్తే ముందు కోర్టుకెళ్లి కొట్టివేయించుకోవాలి, ఆర్డరు అమల్లో ఉండగా మీరి, తర్వాత అది చెల్లదని వాదించకూడదు అన్నారు. కాబట్టి ఊరేగింపు కేసు ఎదురైతే, మీరినది నిబంధనా, కోర్టు ఆర్డరా అని విడదీసి రాసుకోండి. ఆ తేడా పట్టించుకోకుండా చదివితే ఈ రెండు తీర్పులూ ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నట్టు కనిపిస్తాయి.

మంచి పర్మిట్ నిబంధన ఎలా ఉంటుందో తెలియాలంటే వాషింగ్టన్‌లో జాతీయ ఉద్యానవనాల శాఖ పద్ధతి చూడండి. ప్రదర్శనలో 25 మందికి మించితేనే పర్మిట్ కావాలి. సంఖ్యకు కట్టిన షరతు అది, నినాదానికి కాదు. మాట మార్చినా లెక్క మారదు.

ఎక్కడ తప్పు జరుగుతుంది

తెలుగు పాఠకులు ఎక్కువగా చేసే పొరపాటు మన చట్టాన్ని అక్కడికి తీసుకెళ్లడం. మన 19వ అధికరణంలోని రెండో క్లాజు సహేతుకమైన ఆంక్షల్ని రాజ్యాంగంలోనే రాసిపెట్టింది. 1971 నాటి జాతీయ గౌరవ చిహ్నాల అవమాన నివారణ చట్టం కింద జెండాను బహిరంగంగా కాల్చితే మూడేళ్ల దాకా జైలు. అమెరికా సవరణలో అలాంటి క్లాజు లేదు. మినహాయింపులన్నీ కోర్టులు కొద్దికొద్దిగా, ఇరుకుగా కట్టినవి. ఉదాహరణకు రెచ్చగొట్టడం అన్న మినహాయింపుకు, 1969 బ్రాండెన్‌బర్గ్ తీర్పు ప్రకారం, తక్షణ చట్టవిరుద్ధ చర్యకు పురికొల్పే ఉద్దేశమూ, అది జరిగే అవకాశమూ రెండూ ఉండాలి.

రెండో పొరపాటు, రక్షణ ఉందంటే ఏ కేసూ పెట్టలేరనుకోవడం. ఇతరుల జెండాను లాక్కుని కాల్చితే దొంగతనం కేసు పెట్టవచ్చు. వేసవిలో బహిరంగ మంటలు నిషిద్ధమైన పార్కులో కాల్చితే ఆ నిబంధన వర్తిస్తుంది, ఆకులు తగలబెట్టినవాడికీ అదే జరిమానా పడేట్టయితే. 2025 ఆగస్టు 25న అధ్యక్షుడు ట్రంప్ జెండా దహనం మీద ఇచ్చిన ఉత్తర్వు కూడా ఇలాంటి సాధారణ చట్టాల్నే ఆసరాగా తీసుకుంది. ఒక ఉత్తర్వుతో జాన్సన్ తీర్పు చెరిగిపోదు. అయితే సాధారణ చట్టాన్ని ఫలానా మాట చెప్పినవాళ్ల మీదే ప్రయోగిస్తే అది వేరే రాజ్యాంగ ప్రశ్న అవుతుంది, మూడో అభ్యాసం దాని గురించే.

జెండా నియమావళిని శిక్షాస్మృతి అనుకోవడం ఇంకో తప్పు. జెండాను దుస్తులుగా వేసుకోకూడదని, నేలకు సమాంతరంగా పరిచి పట్టుకోకూడదని అందులో ఉంది. స్టేడియంలో మైదానమంత జెండా పరచడం మీరు చూసే ఉంటారు. పౌరులు వాటిని మీరినా నియమావళిలో శిక్ష లేదు.

అక్కడ చదువుకుంటున్న విద్యార్థులు ఒకటి గుర్తుంచుకోవాలి. అమెరికాలో నివసించే విదేశీయులకూ వాక్ స్వాతంత్ర్యం ఉందని 1945లోనే సుప్రీంకోర్టు అంది. కానీ వీసా అధికారం వేరే దారిలో నడుస్తుంది. అరెస్టయితే, కేసు కొట్టేసినా, వీసా చిక్కులు రావచ్చు. ప్రదర్శనకు వెళ్లేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి, ఈ పాఠం చాలదు.

తీర్పు పత్రం గురించి కూడా ఒకటి చెప్పాలి. ‘491 యు.ఎస్. 397’ అంటే తీర్పుల సంపుటం 491, పేజీ 397. మొదట్లో కనిపించే సారాంశం కోర్టు సిబ్బంది రాసింది, తీర్పులో భాగం కాదు. తర్వాత మెజారిటీ, అటుపైన సమ్మతి (ఫలితంతో ఏకీభవిస్తూ జడ్జి విడిగా రాసింది), చివర అసమ్మతి వస్తాయి. అసమ్మతిలోని వాక్యాన్ని చట్టంగా ఎత్తిరాస్తే మొత్తం జవాబు తలకిందులవుతుంది. నోట్సులో ప్రతి ఉల్లేఖన పక్కన ఎవరు రాశారో వేసుకోండి.

అభ్యాసాలు

ఒకటి: ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) ఊరేగింపు పర్మిట్‌కు రోజుకు 1,000 డాలర్ల దాకా ఫీజు పెట్టింది. ఎంత వసూలు చేయాలన్నది ఎంతమంది పోలీసులు కావాలో అధికారి వేసే అంచనా మీద ఉంటుంది. ప్రత్యర్థులు ఎక్కువ ఉన్న గుంపుకు ఎక్కువ ఫీజు. మాట మార్చి చూడండి.

రెండు: ఇళ్లులేనివారి దుస్థితి చూపడానికి శ్వేతసౌధం ఎదురుగా ఉన్న లఫాయెట్ పార్కులో గుడారాలు వేసుకోనిచ్చారు, రాత్రి అందులో పడుకోనివ్వలేదు. పడుకోవడం మాటేనా? మాటే అయితే శిక్ష దేనికి? ఓబ్రయన్ షరతులు నాలుగూ వరసగా రాయండి.

మూడు: పార్కులో బహిరంగ మంట నిషేధం. జెండా కాల్చినవాడికి జరిమానా పడింది. వారం ముందు అక్కడే పుట్టినరోజు పార్టీలో మంట వేసినవాళ్లను పోలీసులు చూసి వదిలేశారు. చట్టం పాఠం తటస్థంగానే ఉంది. లాయరుగా మీరు ఏ రికార్డులు అడుగుతారు? కనీసం మూడు రాయండి.

జవాబులు నాలుగో పాఠంలో ఇస్తాం. దాంతోపాటు 1965లో డి మోయిన్ బడిపిల్లలు కట్టుకున్న నల్ల పట్టీల దగ్గర మొదలుపెట్టి, తరగతి గదిలో ఈ ప్రశ్నలు ఎలా మారతాయో చూద్దాం.