స్పేస్ స్టేషన్ చూడటానికి డాబా ఎక్కే ముందు

2025 జూన్ 26న శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో అడుగుపెట్టినప్పటి నుంచి మా హనుమకొండ పిల్లలది ఒకటే ప్రశ్న: "అది మనకు కనబడ్తదా?" కనబడుతుంది. టెలిస్కోపు కూడా అక్కర్లేదు. కాకపోతే ముందు ఇవి చూసుకోండి.

సమయం: నాసా వారి 'స్పాట్ ద స్టేషన్' యాప్‌లో వరంగల్ అని వెతికితే ఏ రోజు, ఏ దిక్కున, ఎంత ఎత్తున వస్తుందో తెలుస్తుంది. తెల్లవారక ముందు, పొద్దుగూకాక కొద్దిసేపే అవకాశం. మనకు చీకటి పడాలి, 400 కిలోమీటర్ల పైన దాని మీద మాత్రం ఎండ ఉండాలి. మరీ కిందుగా పోయే రోజైతే పిల్లల్ని నిద్ర లేపకండి, ఇళ్లు అడ్డమొస్తాయి.

పిట్టగోడ: నాకు అన్నిటికన్నా భయం ఇదే. అది గంటకు 28,000 కిలోమీటర్ల వేగంతో పడమటి వైపు నుంచి తూర్పుకు పోతుంటే, తల పైకెత్తి మనమూ దాని వెంటే అడుగులేస్తాం. పిట్టగోడ లేని డాబా వద్దే వద్దు. చిన్నపిల్లల్ని చాప మీద పడుకోబెట్టి చూపించండి.

భద్రకాళి చెరువు కట్టకో, పద్మాక్షి గుట్టకో పోతే టార్చి, బూట్లు తప్పనిసరి. వానకాలం పాములుంటాయి.

ఫోన్ వెలుతురు పది నిమిషాల ముందే ఆపేయండి.

మిణుకుమిణుకుమంటే విమానం. నిలకడగా వెలుగుతూ జారిపోయేదే స్టేషన్. ఒక్కోసారి నడి ఆకాశంలోనే మసకబారి మాయమవుతుంది, భూమి నీడలోకి పోయిందన్నమాట. కనబడేది కొన్ని నిమిషాలే, అందుకే వీడియో తీసే పని ఒక్కరికే అప్పగించండి.