మదర్‌బోర్డు ధర కాదు, వీఆర్ఎం చూడండి

మదర్‌బోర్డుకి ఎక్కువ పెడితే కంప్యూటర్ స్పీడు పెరుగుతుందనుకోకండి. అదే ప్రాసెసర్, అదే ర్యామ్ అయితే చౌక బోర్డుకీ ఖరీదైన బోర్డుకీ గేముల్లో తేడా దాదాపు కనపడదు. అసలు తేడా ప్రాసెసర్‌కి కరెంటు అందించే వీఆర్ఎం దగ్గర. ప్రాసెసర్ బిగించే సాకెట్ పక్కన ఉండే వీఆర్ఎం మీద హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు ముక్క) లేని బోర్డులో 16 కోర్ల ప్రాసెసర్ బిగించి గంటసేపు వీడియో రెండర్ చేస్తే, వీఆర్ఎం వేడెక్కి స్పీడు పడిపోవచ్చు. 6 కోర్ల దానికైతే అంత టెన్షన్ అక్కర్లేదు. ఇంటెల్‌లో ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేయాలంటే, అంటే కంపెనీ పెట్టిన స్పీడు కంటే ఎక్కువకి నడపాలంటే, జడ్790 లాంటి జడ్ చిప్‌సెట్ (బోర్డు మీదుండే ప్రధాన చిప్) ఉన్న బోర్డు తీసుకోవాలి, ఏఎండీలో బీ650 చాలు. రంగురంగుల లైట్లకి పెట్టే డబ్బు నన్నడిగితే దండగే. కొనేముందు మాన్యువల్ డౌన్‌లోడ్ చేసి చూడండి. కొన్ని బోర్డుల్లో రెండో ఎం.2 స్లాట్ (చిన్న ఎస్ఎస్‌డీ నేరుగా బోర్డుకి బిగించే చోటు) వాడితే, హార్డ్‌డిస్కుల కేబుళ్లు పెట్టే సాటా పోర్టుల్లో ఒకట్రెండు పనిచేయవు.