వాట్సాప్ కాల్ మాటిమాటికీ తెగిపోతోందా? ఇలా చేసి చూడండి

అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి మెట్రోలో వెళ్తూ అమెరికాలో ఉన్న అన్నయ్యతోనో, ఊళ్లో ఉన్న అమ్మతోనో వాట్సాప్ కాల్ మాట్లాడేవాళ్లు చాలామందే ఉంటారు, వాళ్లకోసం ఇది. ఇంట్లో వైఫై మీద కాల్ మొదలుపెట్టి, మాట్లాడుతూనే గేటు దాటకండి. వైఫై వదిలి మొబైల్ డేటాకి మారగానే ఫోన్ ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో ఫోన్‌ని గుర్తించే నంబర్) కూడా మారిపోతుంది, అందుకే 'రీకనెక్టింగ్' అని వచ్చి అవతలివాళ్ల గొంతు ఆగిపోతుంది. బయల్దేరే పని ఉంటే ముందే వైఫై ఆపేసి, డేటా మీదే కాల్ చేయండి, తేడా మీకే తెలుస్తుంది.

సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటాలోకి వెళ్లి, కాల్స్‌కి తక్కువ డేటా వాడే ఆప్షన్ కూడా ఆన్ చేసుకోండి.

సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా మాట ముక్కలుముక్కలుగా వస్తోందంటే చాలాసార్లు కారణం టవర్ మీద రద్దీ. 4జీ మీద వెళ్లే మామూలు ఫోన్ కాల్‌కి (వోల్టీ, VoLTE) నెట్‌వర్క్ ప్రత్యేకంగా ప్రాధాన్యం ఇస్తుంది, వాట్సాప్ కాల్ మాత్రం అందరి రీల్స్, వీడియోలతో పాటు అదే వరుసలో నిలబడాలి. కాబట్టి అర్జెంట్ విషయమైతే టెన్షన్ పడుతూ మళ్లీ మళ్లీ వాట్సాప్‌లో ప్రయత్నించకుండా నేరుగా నంబర్‌కి చేసేయండి.

ఇంకోటి, అత్యవసర నంబర్ 112కి వాట్సాప్ నుంచి కాల్ వెళ్లదు, ఫోన్ డయలర్ నుంచే చేయాలి. ఇంట్లో పెద్దవాళ్లకి ఇది తప్పకుండా చెప్పి ఉంచండి.