మేస్త్రీ పాఠాలు - 5: కొత్తవాడికి పని నేర్పడం

గత పాఠంలో ఏ పని ఎవరికి అప్పగించాలో చూశాం. అప్పగించిన పని వాళ్లకు రాకపోతే ఏం చేయాలన్నది ఈ వారం పాఠం.

తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీ అనుకోండి. కొత్త కుర్రాడొకడు పనిలో చేరతాడు. మేస్త్రీ వాణ్ణి కటింగ్ మిషన్ దగ్గర నిలబెట్టి, రెండు బండలు గబగబా కోసి చూపించి, "తెలిసిందా అబ్బీ?" అంటాడు. "తెలిసిందిన్నా" అంటాడు వాడు. సాయంత్రానికి మూలలు విరిగిన బండలు పక్కన గుట్టగా పడి ఉంటాయి. తిట్లన్నీ కుర్రాడికే.

ఇక్కడ తప్పంతా ఆ "తెలిసిందా" అన్న మాటలో ఉంది. తెలియలేదని చెప్పడానికి కొత్తవాడికి నోరు రాదు. పైగా తనకు తెలియనిదేదో వాడికే తెలియదు. కాబట్టి ఈ పాఠం పూర్తయ్యేసరికి ఆ ప్రశ్న అడగడం మానేయాలి.

ఇందుకు బాగా నలిగిన పద్ధతి ఒకటుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి అమెరికా ఓడల తయారీలో కొత్తవాళ్లకు పని నేర్పడానికి చార్లెస్ అలెన్ నాలుగు మెట్లు పెట్టాడు. రెండో యుద్ధంలో అనుభవజ్ఞులు సైన్యంలోకి పోతుంటే, 1940 నుంచి 1945 దాకా నడిచిన 'ట్రెయినింగ్ వితిన్ ఇండస్ట్రీ' కార్యక్రమం అవే మెట్లను మేస్త్రీలకు నేర్పింది. రెండేసి గంటల చొప్పున 5 తరగతులు, మొత్తం 10 గంటలు. చివర జేబులో పెట్టుకునే చిన్న కార్డు ఇచ్చేవారు. పనివాడు నేర్చుకోలేదంటే నేర్పేవాడు నేర్పలేదన్నట్టేనని దాని మీద రాసి ఉండేది. యుద్ధం తర్వాత జపాన్ ఫ్యాక్టరీలు ఈ పద్ధతిని గట్టిగా పట్టుకున్నాయి.

మెట్ల కంటే ముందు ఒక కాగితం కావాలి. అసలు కష్టం ఇక్కడే. పదేళ్లుగా చేసే పనిలో సగం మన చేతికి తెలుసు, నోటికి తెలియదు. అందుకే ఈ కాగితం ఇంట్లో కూర్చుని రాయకండి. మిషన్ పక్కన నిలబడి, ఒక బండ నిదానంగా కోస్తూ రాయండి. మూడు గడులు గీయండి: ఏం చేయాలి, ఎక్కడ జాగ్రత్త, ఎందుకు. అంచెలు ఐదారు దాటితే అది ఒక పని కాదు, రెండు పనులు. విడదీయండి.

24 అంగుళాల చదరం బండ కోయడానికి కాగితం ఇలా వస్తుంది. మొదటి అంచె, బండ చూడటం. నడుమ, నాలుగు మూలల్లో తట్టాలి. మంచి రాయి ఖంగుమంటుంది, లోపల పగులో పొర విడిపోవడమో ఉంటే శబ్దం మొద్దుగా వస్తుంది. అలాంటిది బ్లేడు కింద ముక్కలవుతుంది. రెండోది గీత. ఒక నిక్కమైన అంచును ఆధారం చేసుకుని మూలమట్టంతో గీయాలి. మూడోది నీళ్లు. బ్లేడు తిప్పే ముందే నీళ్లు వదలాలి, అవి బ్లేడుకు రెండు వైపులా పడుతున్నాయో లేదో చూడాలి. నీళ్లు లేకుంటే బ్లేడు కాగి వజ్రపు పళ్లు ఊడతాయి, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నాలుగోది తోయడం. చివరి రెండంగుళాల్లో వేగం బాగా తగ్గించి, తెగే ముక్క కింద ఆనిక ఉందో లేదో చూసుకోవాలి. లేకుంటే ఆ ముక్క తన బరువుకే ముందుగా విరిగి మూలను కూడా లాక్కుపోతుంది. కుర్రాడి గుట్టలో బండలన్నీ ఈ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల పోయినవే.

ఐదోది కొలత. నాలుగు వైపులా 24 వస్తే చాలదు. పక్కకు ఒరిగిన బండకు కూడా నాలుగు వైపులా 24 వస్తుంది. మూల నుంచి మూలకు రెండు క్రాసులూ కొలవాలి. రెండూ సమానంగా, 34 అంగుళాలకు వెంట్రుకవాసి తక్కువగా, అంటే 33.94 ఉండాలి. రెండు క్రాసుల మధ్య పావు అంగుళం తేడా వచ్చిందంటే మూల దాదాపు నూలున్నర (నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు) పక్కకు పోయినట్టు. ఒక్క బండలో అది కంటికి ఆనదు. పది బండలు వరసగా పరిచేసరికి సందులు నోళ్లు తెరుస్తాయి.

ఇప్పుడు మెట్లు. మొదటిది సిద్ధం చేయడం. మిషన్ ఆపి మాట్లాడండి, ఆ రొదలో చెప్పింది గాలికి పోతుంది. ఇంతకుముందు ఏం పని చేశాడో అడగండి. ఎదురుగా కాకుండా పక్కన నిలబెట్టుకోండి. ఎదురుగా ఉంటే మీ కుడి వాడికి ఎడమగా కనిపిస్తుంది.

రెండోది చూపించడం, మూడుసార్లు. మొదటిసారి అంచెలు మాత్రమే చెబుతూ కోయండి. రెండోసారి అంచెలతో పాటు జాగ్రత్తలు. మూడోసారి కారణాలు కూడా. అన్నీ ఒకేసారి కుమ్మరించే మేస్త్రీలే ఎక్కువ. తెలిసినవాళ్లకు ఆ తొందర సహజమే గానీ, కొత్తవాడి బుర్ర అంత పట్టదు.

మూడో మెట్టే ప్రాణం. వాడి చేత చేయించండి. మొదట మాటల్లేకుండా చేయనివ్వండి, తప్పు కనబడిన వెంటనే ఆపి సరిచేయండి. రెండోసారి అంచెలు చెబుతూ, మూడోసారి జాగ్రత్తలు చెబుతూ, నాలుగోసారి కారణాలు చెబుతూ చేయాలి. "ఇక్కడ నిదానం ఎందుకబ్బీ?" అంటే "మూల పోతుందిన్నా, కింద ఆనిక లేకుంటే" అని వాడి నోట రావాలి. అప్పుడే తెలిసినట్టు. ఈ మెట్టులో మేస్త్రీలు చేసే పెద్ద పొరపాటు, వాడి చేతిలోంచి బండ లాక్కుని "ఇట్లా రా" అని తామే కోసేయడం. పని అవుతుంది, నేర్పడం ఆగిపోతుంది.

అయితే తప్పు చేసి నేర్చుకోవడానికి వీల్లేనివి కొన్నున్నాయి: తడి చేత్తో స్విచ్ ముట్టడం, తిరుగుతున్న బ్లేడు దగ్గర ముక్క తీయడం, కళ్లద్దాలూ మాస్కూ లేకుండా నిలబడటం. వీటిని కాగితం మీద ఎర్రగా రాయండి. ఇవి వాడి నోట వినేదాకా మిషన్ అప్పగించవద్దు.

నాలుగోది వదిలిపెట్టి గమనించడం. అనుమానం వస్తే ఎవరిని అడగాలో పేరు పెట్టి చెప్పండి. మొదటి రోజు ప్రతి ఐదు బండలకు ఒకటి కొలవండి, మర్నాడు ఇరవైకి ఒకటి, తర్వాత పూటకొకసారి.

కడపలో బట్టల కొట్టు బిల్లింగుకైనా, ఆదోని జిన్నింగు మిల్లుకైనా కాగితం మారుతుంది, మెట్లు మారవు.

ఈ వారం అభ్యాసం. ఒక పట్టిక గీయండి. అడ్డంగా పనులు, నిలువుగా మనుషుల పేర్లు. ఎవరికి ఏది వచ్చో టిక్కు పెట్టండి. ఏ పని కిందైనా ఒక్క టిక్కే ఉంటే, ఆ మనిషి పీర్ల పండక్కి గూగూడు పోయిన రోజు మీ మిషన్ ఆగుతుంది. అక్కడే మొదలుపెట్టండి. ఆ పనికి కాగితం రాసి, ఒకరిని ఎంచుకుని, ఏ తేదీకి నేర్పుతారో ఆ గడిలో రాయండి. అరగంట నుంచి ముప్పావు గంట ఖాళీ చేసుకోండి, షిఫ్టు మారే వేళ మాత్రం వద్దు.

వచ్చే పాఠం: నేర్చుకున్నాక కూడా అదే తప్పు మళ్లీ చేసేవాడితో ఎలా మాట్లాడాలి. ఆ పట్టికా, కాగితమూ దగ్గర పెట్టుకుని రండి.